ఎండ కోసం ఆగిన క్యారేజీ

మా ఆయన గణేశ్వరరావు గారికి యాభై దాటాక జపాన్ పిచ్చి పట్టింది. అంటించింది మా అమ్మాయి శ్రీనిధి. అది సెలవులకు వచ్చి ఫోన్లో అనిమే అని ఏవో బొమ్మల సీరియళ్ళు చూస్తుంటే, "ఏటే, సిన్నపిల్లలా ఈ బొమ్మలేటి?" అంటూ పక్కన కూర్చున్నారు. అంతే. అది కాలేజీకి తిరిగి వెళ్ళిపోయింది గానీ, ఈయన మాత్రం లేవలేదు.

ఆయన చూసేవాటిలో ఫైటింగులుండవు, విలన్లుండరు. ఒకమ్మాయి టీ కాస్తుంది. నీళ్ళు మరుగుతాయి. బయట వాన పడుతుంది. ఎపిసోడ్ అయిపోతుంది. ఈయన కళ్ళు తుడుచుకుని, "ఎంత ప్రశాంతంగా ఉందో సూడు వరాలూ, బతుకంటే ఇదీ" అంటారు. ఆ క్షణాన ఆయన చేతిలో ఉన్న టీ నేను కాచిందే. అది కాస్తుంటే ఒక్కనాడైనా వంటింటి గుమ్మంలో నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నారా మహానుభావుడు!

పైగా సీజన్లట. నర్సీపట్నంలో మనకు తెలిసిన సీజన్లు జీడిపిక్కలు, మామిడికాయలు, పెళ్ళిళ్ళు. ఈయనకు ఏప్రిల్లో కొత్త సీరియళ్ళు మొదలవుతాయి, వారానికో ఎపిసోడ్. ఒకటి తప్పితే వెనకబడిపోతారట. గ్యాస్ బుక్ చెయ్యమంటే మాత్రం నెలల తరబడి వెనకబడే ఉంటారు.

నాకేమో అదే ఏప్రిల్లో అనకాపల్లిలో స్పాట్ డ్యూటీ, పదో తరగతి పేపర్లు దిద్దడం. కూర దించి, ఆయన బాక్సు కట్టి ఆఫీసు బ్యాగులో పెట్టేసరికి నా బస్సు టైమైపోతుంది. నేను ఉత్త చేతులతో పరిగెడతాను. అక్కడ టీచర్లమంతా క్యారేజీలు మధ్యలో పెట్టుకుని పంచుకు తింటాం. రోజూ పక్కవాళ్ళ కూరలో చెయ్యి పెట్టాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఈ సీజన్లో మా ఆయన మనసు దోచింది ఒక భర్త పొద్దున్నే లేచి పెళ్ళానికి బాక్సు కట్టే సీరియల్. "ఆ ప్రేమ సూడు!" అని ముక్కు చీదుతుంటే నా ఒళ్ళు మండింది.

"ఆ ప్రేమేదో రేపు మనింట్లో సూపించండి. నలుగురికీ పెట్టుకునేలా ఒక్క క్యారేజీ కట్టండి."

"ఓస్, అదెంత!"

నేనూ నమ్మేశాను. అక్కడితో ఆగానా? నాతోపాటు డ్యూటీకొచ్చే మా స్కూలు టీచరు అప్పలలక్ష్మికి ఫోన్ చేసి, "రేపు మావారి వంటేనమ్మా, అందరూ కాస్త ఆకలి ఉంచుకోండి" అని గొప్పలు పోయాను.

పొద్దున్న నిజంగానే లేచారు. నేను చీర కట్టుకుని వచ్చేసరికి అన్నాన్ని ఎలుగుబంటి మొహంలా నొక్కి, ఆవగింజలతో కళ్ళు పెట్టి, క్యారెట్‌ను పువ్వులా కోస్తున్నారు. అబద్ధమెందుకు, నా కళ్ళు చెమర్చాయి.

"బేగి మూత పెట్టండి, బస్సెళ్ళిపోద్ది."

"ఉండు, కిటికీలోకి ఇంకా ఎండ రాలేదు. ఫోటో తియ్యాలి. ఇలాటివాటికి హడావుడి పనికిరాదు."

ఎండ ఈయన పిలిస్తే వస్తుందా? బస్సు నా కోసం ఆగుతుందా? ఆ రోజూ ఉత్త చేతులతోనే వెళ్ళాను.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పి నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోగా అప్పలలక్ష్మి, "అబ్బబ్బ, మీవారి వాట్సాప్ స్టేటస్ సూసారేటండీ!" అంటూ ఫోను నా ముందు పెట్టింది. ఎలుగుబంటి నవ్వుతోంది, మొహం నిండా ఎండ. కింద "నా శ్రీమతి కోసం, ప్రేమతో" అని రాసి ఉంది. ఫోను చేతులు మారింది. అందరూ నన్ను అదృష్టవంతురాలన్నారు. "మరి బాక్సేదండీ?" అని ఎవరో అడిగారు. ఇంట్లో మర్చిపోయానని చెప్పి, అప్పలలక్ష్మి పెట్టిన పులిహోర మింగలేక మింగాను.

సాయంత్రం ఇంటికొచ్చి బాక్సు ఏం చేశారని అడిగాను.

"పాడైపోద్దని నేనే తినీసాను. ఎంత బాగా కుదిరిందనుకున్నావు! సింకులో ఉంది, కాస్త కడిగీ" అన్నారు, ఫోన్లోంచి తలెత్తకుండా.

అరుద్దామనుకున్నాను. అరిస్తే ఆయన ప్రశాంతత చెడిపోదూ!

మర్నాడు మా టీచర్లందరికీ సరిపడా గుత్తి వంకాయ కూర వండి, మూత పెట్టేముందు ఒక ఫోటో తీసి, మొత్తం నా క్యారేజీలో సర్దుకుని బస్సెక్కాను. భోజనాల వేళకు ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశారు.

"వరాలూ, బ్యాగులో బాక్సు లేదేటి?"

"నా స్టేటస్ సూడండి. మీ కోసమే పెట్టాను" అని ఫోన్ పెట్టేసి, అప్పలలక్ష్మికి ఇంకో వంకాయ వేశాను.