గూబలకు చప్పుడు పనికిరాదు

పొద్దున లేవగానే శనగల బస్తాల చుట్టూ ఎలుక పెంటికలు ఊడవడంతో నా రోజు మొదలవుతుంది. ఆళ్లగడ్డ శివారులోని మా కాలనీకి అవతలంతా పొలాలే. కోతలయ్యాక ఎలుకలన్నీ ఇళ్ల మీద పడతాయి. బస్తాకు చిల్లు పడితే మా ఆయన జీవన్ కుమార్ ఎలుకను ఏమీ చేయలేడు కాబట్టి నన్ను కొడతాడు. అరచేత్తో మొదలుపెట్టి బెల్టు దాకా వెళతాడు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేదీ ఆ చేతులే. ఎంత మృదువుగా వాయిస్తాడోనని మెచ్చుకోని ఆడది ఆ చర్చిలో లేదు.

నేను కోయిలకుంట్ల దగ్గరి పల్లెలో వ్యవసాయ సహాయకురాలిని. ఎలుకల మందు మానేసి, ఎలుకలను తినే గుడ్లగూబలు గూడు పెట్టుకునే పెట్టెలు కట్టండని రైతులకు చెప్పేది నేనే. అలాంటిది మా ఇంటికెందుకు కట్టకూడదనిపించింది. పాత బీరువా చెక్కలతో వడ్రంగి ఇమాం సాహెబ్ చేత పెట్టె చేయించాను. చేయి దూరేంత ద్వారం, అడుగున రంపపు పొట్టు. పెరట్లో వేపచెట్టుకు నిచ్చెన వేసి, రెండు నిలువుల ఎత్తున, పొలాల వైపు మొహం పెట్టి నేనే కట్టాను. రెండేళ్లు ఒక్క గూబ కూడా రాలేదు. వెలుతురు పడకూడదు, గోల ఉండకూడదు అని అందరికీ చెప్పే నాకు కారణం తెలియక కాదు. మా ఇంట్లో గోల చేసేది నేనే, దెబ్బలు తింటూ.

మొన్న డిసెంబరులో ఒక సాయంత్రం ఆ ద్వారంలోంచి తెల్లటి మొహం ఒకటి నన్ను చూసింది. సంతోషంతో గుండె ఆగినంత పనైంది. ఆ వారమే బస్సు తప్పి ఆలస్యంగా వచ్చానని జీవన్ నా జుట్టు పట్టుకున్నాడు. అరవబోయి, పెట్టె గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తర్వాత మూడు నెలలూ అంతే. ఒకసారి ముందు పన్ను కదిలింది. ఇంకోసారి చిటికెన వేలు విరిగింది. బస్సు తలుపులో పడిందని ఆఫీసులో చెప్పాను. "ఇప్పటికి దారికొచ్చినావ్. ఇట్లుంటే నేనెందుకు కొడతా?" అనేవాడు, కొడుతూనే. మా అత్త రాములమ్మ అయితే పొంగిపోయింది. "నోరు అదుపులోకొచ్చె. ఆడదంటే ఇట్లుండాల" అని చర్చిలో నలుగురికీ చెప్పింది. పెట్టెలో నాలుగు పిల్లలయ్యాయి. ఎలుకలు తగ్గాయి, దెబ్బలు తగ్గలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత నొప్పిని చప్పుడు లేకుండా మింగుతున్నందుకు నాకు గర్వంగా కూడా ఉండేది.

మార్చిలో ఒక ఆదివారం, ప్రార్థన అయి ఇంటికొచ్చాక, అత్త పెరట్లోంచి కేక పెట్టింది. "రేయ్, ఆ పెట్టెలో పాముండాది, బుస కొడతాంది!"

"పాము కాదత్తా, గూబ పిల్లలు. అవి అట్లే బుస కొడతాయి" అన్నాను.

"బైబిల్లో అపవిత్రమని రాసిండే పక్షి! దాన్ని ఇంట్లో సాకుతాండావా?"

జీవన్ నిచ్చెన ఎక్కి పెట్టెలో చేయి పెట్టాడు. మరుక్షణం వాడి అరుపు వినబడింది. తల్లి గూబ గోళ్లు వాడి మణికట్టులో దిగాయి. చేయి లాక్కున్నాడు, పిడికిట్లో ఒక పిల్లతో సహా. కిందికి దిగి, దాన్ని బట్టలుతికే బండకేసి కొట్టాడు. ఒక్కటే దెబ్బ. తర్వాత నా మెడ పట్టుకుని నా మొహాన్ని కూడా అదే బండకేసి కొట్టాడు. కదిలే పన్ను ఊడి నాలుక మీద పడింది.

"మిగిలినవాటి పని పట్టినాక నీ పని చెప్తా" అని మళ్లీ నిచ్చెనెక్కాడు. నాలుగో మెట్టు మీద ఉండగా నిచ్చెన లాగేశాను. వాడి కాలు కింద మడతపడి విరిగిన చప్పుడు విన్నాను. విని, నోట్లో రక్తంతోనే అరిచాను. మూడు నెలలది మొత్తం అరిచాను. అంత అరుపుకు కూడా తల్లి గూబ పెట్టె వదిలి పోలేదు. ఆ మూడు నెలల మౌనం నన్ను ఎవరూ అడిగింది కాదు. నాకు నేనే పట్టించుకున్న గతి.

పక్కింటి సాజిదా పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. నా మొహం చూసి అక్కడే కూలబడింది.

"మూడు నెల్ల నుంచి నీ అరుపే ఇనపల్యా అక్కా! అన్న మారినాడనుకోని అల్లాకు శుక్రియా చెప్పుకుంటి. నువ్వు అరిస్తే గదా, నేను పెరుగు తోడుకని గిన్నె పట్టుకోని వస్తాండేది. అరవకుంటే నాకెట్ల తెలుస్తాది?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆమె గిన్నెతో గుమ్మంలో నిలబడిన ప్రతిసారీ వాడి చేయి ఆగింది. పాపం, వీళ్లింట్లో ఎప్పుడూ తోడు ఉండదనుకునేదాన్ని. బండ తగిలినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"వాడికి కాలిరిగిపాయె, నువ్వు ఊరంతా ఇనపడేట్టు ఏడుస్తాండావే! నోరు మూసుకోని లోపలికి పో. పరువు పోతాది" అని అత్త నా రెక్క పట్టుకుంది. విదిలించాను.

స్టేషనుకు పోదాం రమ్మంది సాజిదా. ముందు మొహం కడుక్కోమంది. కడుక్కోలేదు. ఆ రక్తంతోనే, ఆమె చేయి పట్టుకుని నడి బజారున నడిచాను. ఏమైందని అడిగినవాళ్లకూ, అడగకుండా తల తిప్పుకున్నవాళ్లకూ, ఇంకా చర్చి నుంచి తిరిగొస్తున్నవాళ్లకూ, ఒక్కొక్కరి ముందూ ఆగి గట్టిగా చెప్పాను.

"మా ఆయన కొట్టినాడు."