ముందు ఎవరు పీల్చాలి

గొంతులోకి గొట్టం వెయ్యమంటారా, మాస్కుతోనే ఇంకాసేపు చూద్దామా అని డాక్టరమ్మ మమ్మల్ని అడిగింది. మేమేం చెబుతాం? ఖంభాత్‌లో నగలకి వాడే అకీకు రాళ్ళు సానపట్టి బతికేవాళ్ళం. ఏ రాయి కాలిస్తే ఎర్రబడుతుందో, ఏది పగిలిపోతుందో అడిగితే చెబుతాం. మనిషికి గాలి ఎలా ఎక్కించాలో మాకెలా తెలుస్తుంది?

మా అబ్బాయి భిఖా వాళ్ళ నాన్న మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన పేరు నా నోట రాలేదు. నర్సులు మాత్రం బాబాయిని పిలిచినట్టు మఫత్‌కాకా అని ఇష్టంగా పిలుస్తున్నారు. ముక్కూ నోరూ కప్పి మాస్కు బిగించారు. పక్కన మిషను మోత ఉయ్ మని మొదలై పెద్దదవుతుంది, ఆగుతుంది. జీవితమంతా పీల్చిన రాతిధూళి లోపల గడ్డకట్టుకుపోయిందట. ఫోటో తీస్తే ఆ ఊపిరితిత్తులు దుమ్ము పట్టిన మా ఇంటి గోడల్లాగే తెల్లగా ఉన్నాయి.

"గొట్టం వేస్తే కాకాకి కష్టం ఉండదు బా, మిషనే అంతా చూసుకుంటుంది. కానీ ఇలాంటి ఊపిరితిత్తులున్నవాళ్ళకి వేసిన గొట్టం మళ్ళీ తియ్యడం కష్టం. ఒక్కోసారి తియ్యలేం" అంది డాక్టరమ్మ. హేతల్ ఆమె పేరు. మా వైపు పిల్లే, నన్ను బా అంటుంది, అమ్మని పిలిచినట్టు.

"అయితే మాస్కే ఉంచమ్మా."

"మాస్కుకి ఆయన ఒప్పుకోవాలిగా. మిషను గాలి ఊదినప్పుడల్లా గొంతు బిగించేస్తున్నాడు. సాయంత్రం రక్తం చూస్తాం. లోపలి చెడ్డగాలి తగ్గకపోతే గొట్టం తప్పదు."

ఆమె అటు వెళ్ళగానే మా ఆడపడుచు కాశి అందుకుంది.

"గొట్టమే వేయించు వదినా. పెద్ద మిషను, పెద్ద మోటారు. పని తొందరగా అవుతుంది."

"పెద్ద మోటారు చక్రానికి ఆనించిన రాళ్ళు ఎన్ని ముక్కలయ్యాయో మర్చిపోయావా అత్తా?" అన్నాడు భిఖా.

"మరి మీ నాన్న మొండితనం సంగతో? పెళ్ళినాడు తలపాగా పెట్టుకోనని పందిట్లోంచి లేచిపోయిన మనిషి. వీళ్ళు ఊదమంటే ఊదుతాడా?"

"ఊదేది ఆయన కాదత్తా, మిషను."

"అయితే ఆయనేం చేస్తాడు?"

భిఖా తండ్రి వెనక దిండు సర్దాడు. వాడికీ తెలియదు. తండ్రి చేత ఇంకో గుక్క గంజి తాగించగలమా అన్నదే వాడి ఆలోచన, నాదీ అదే. గొట్టం వేస్తే ఆయన మాటే ఉండదట. మాస్కు ఉంచితే సాయంత్రానికి ఆయనే ఉండడేమో. ఇటు చూసినా అటు చూసినా నాకు ఒకే గోడ కనిపించింది.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చినప్పుడు అడిగేశాను. "ఇంతకీ ఊపిరి తీసేది ఆయనా, మిషనా?"

"ఇద్దరూ బా."

"ముందు ఎవరు?"

"అక్కడే ఉంది తంటా. ఇప్పుడు మిషను తన లెక్కన ఊదుతోంది. ఆయన బాగా నీరసించాడని అలా పెట్టాం. ఇంకో పద్ధతి ఉంది. ఆయన పీల్చబోతే మిషను కనిపెట్టి వెనకనించి గాలి తోస్తుంది. మరీ ఆలస్యమైతేనే తనంతట తాను ఊదుతుంది."

నా బుర్ర ఇంకా తిరిగింది. ఇంతలో ఆమె మాట ఆపి ఆయన చేతి వైపు చూసింది. మిషను ఉయ్ మనగానే ఆయన బొటనవేలూ రెండు వేళ్ళూ దుప్పటిని నొక్కిపట్టాయి. మణికట్టు వంగింది. మోత తగ్గగానే వదులైంది.

"నొప్పి పుడుతోందా ఈయనకి?"

ఆ చెయ్యి నేను ఎరగనిదా? మా గడప పక్కనే చక్రం ముందు రోజూ చూసిందే.

"నొప్పి కాదమ్మా. రాయి ఆనించాడు."

"ఏ రాయి?"

"చక్రానికి ఆనించే రాయి. మోటారు మోత వింటున్నాడుగా."

ఆమె మంచం అంచున కూర్చుంది. "రాయి ఆనించినప్పుడు ఊపిరి ఏం చేస్తారు బా?"

"బిగబడతారు. దుమ్ము లోపలికి పోకుండా. రాయి తీశాక మొహం పక్కకి తిప్పి పీలుస్తారు. మా పేటలో పనిలోకి దిగే ఎవరికైనా మొదట నేర్పేది అదే."

ఆమె మిషను వైపు, ఆయన వైపు, మళ్ళీ మిషను వైపు చూసింది. "నేను చక్రం తిప్పుతూ పీల్చమంటున్నానన్నమాట" అని గొణుక్కుని మీటలు నొక్కింది. "ఇక మిషను ముందు పోదు. కాకాయే ముందు. మీరు ఆ చెయ్యి విప్పి పట్టుకోండి."

ఒక్కో వేలూ విప్పి నా అరచేతిలో పెట్టుకున్నాను. చెవి దగ్గరికి వంగి, "రాయి తీసేశాం. ఇక పీల్చండి" అన్నాను.

మోత లేదు. ఆయన ఛాతీ కదల్లేదు.

"కరెంటు పోయిందేంటి వదినా?" అంది కాశి.

"నోరు ముయ్యి కాశీ."

అప్పుడు మెడ దగ్గర గుంట చిన్నగా లోపలికి పోయింది. వెంటనే మిషను ఉయ్ మంది. వేళ్ళు ముడుచుకోబోయాయి. నేను ముడవనివ్వలేదు. గాలి లోపలికి వెళ్ళింది. ఛాతీ ఇంత ఎత్తు లేచింది.

సాయంత్రం రక్తం చూసి, "గొట్టం ప్రస్తుతానికి వద్దు" అంది డాక్టరమ్మ.

"ప్రస్తుతానికి అంటే?"

"ప్రస్తుతానికే బా. ఈ ఊపిరితిత్తులు మళ్ళీ కొత్తవి కావు."

కొన్నాళ్ళకి చిన్న మిషనుతో ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నాం. మా చక్రం భిఖా ఆపేశాడు. పక్కింటి చక్రం ఎవరు ఆపుతారు, వాళ్ళూ తినాలి కదా. అది మొదలవగానే ఆయన వేళ్ళు ముడుచుకుంటాయి, ఊపిరి ఆగిపోతుంది. మిషను కాసేపు ఎదురుచూస్తుంది. నేను వేళ్ళు విప్పుతాను.

కాశి వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి అదే అడుగుతుంది. "ఇందాకటి ఊపిరి ఎవరిది వదినా, మా అన్నదా, దానిదా?"

తెలియడం లేదు. అయినా ఆయన చెయ్యి మాత్రం వదలను.