టింబర్ వంతెన దగ్గర ఆగిన కారు

ఆ శుక్రవారం పొద్దున్నే నార్బర్ట్ జీల్కే తన కారును ఒక అబద్ధం పక్కన ఆపాడు.

ఆ అబద్ధం పేరు టింబర్ క్రీక్. వంతెన కింద మోకాలి లోతు బురద నీళ్ళు, అందులో కడుపులు చల్లబరచుకుంటున్న ఆవులు. ట్రౌట్ చేప చల్లటి, శుభ్రమైన నీళ్ళలో తప్ప బతకదని విస్కాన్సిన్‌లో బడిపిల్లలకు కూడా తెలుసు. అయినా నార్బర్ట్ చంకల దాకా వచ్చే రబ్బరు పంట్లాం తొడుక్కుని, రోడ్డు మీద పోతున్న పాల లారీ డ్రైవరుకు స్పష్టంగా కనబడేలా గాలం ఎత్తి పట్టుకుని, అతనికి చెయ్యి కూడా ఊపాడు. లారీ మలుపు తిరగగానే నీళ్ళ వైపు కాక కొండ వైపు నడిచాడు.

మొన్న మొన్నటిదాకా అతను మిల్వాకీలో ఒక బీమా కంపెనీ తరఫున దొంగ క్లెయిములు పట్టుకునేవాడు. నడుము విరిగిందని పరిహారం తీసుకుని పెళ్ళి విందులో గంతులేసేవాళ్ళు, కాలిపోయిన గరాజులో ఎన్నడూ లేని పడవకు డబ్బడిగేవాళ్ళు, ఇలాంటి మహానుభావుల వెంట తిరిగి తిరిగి, ఏ అబద్ధం ఎక్కడ చిరుగుతుందో చూడగానే చెప్పగలిగే స్థితికి వచ్చాడు. కంపెనీ వాళ్ళు కేకు కోసి సాగనంపారు. భార్య ఆర్డిస్ పుట్టిన ఊరి దగ్గర వేసవంతా ఉండేందుకు చెక్క ఇల్లొకటి అద్దెకు తీసుకున్నారు. జీవితమంతా కూడబెట్టిన ఆ విద్యనంతా నార్బర్ట్ ఇప్పుడు చేపల సేవకు అంకితం చేశాడు.

ఎందుకంటే కొండకు అవతల అతనికొక వాగు దొరికింది.

ఒక్క గెంతులో దాటగలిగేంత సన్నటి వాగు. రాతి ఊటల్లోంచి పుట్టి, ఎవరూ కోయని గడ్డిలో దాక్కుని పారుతుంది. పటంలో దానికి పేరు లేదు. ఫోనుకు అక్కడ సిగ్నల్ లేదు. ఒరిగిన విల్లో చెట్టు కింద ఒక మడుగు, ఆ మడుగులో మోచేతంత ట్రౌట్. ఈకలూ దారమూ చుట్టి తయారుచేసిన ఉత్తుత్తి ఈగను అది ఇప్పటికి ఎన్నోసార్లు చూసింది. ఒకసారి మూతి దాకా తెచ్చుకుని, నార్బర్ట్‌ను ఎగాదిగా చూసి, వెనక్కి పోయింది.

ఈ సంగతి లోకంలో ఒక్కడికి మాత్రం తెలియకూడదు. వాడు ఆర్డిస్ తమ్ముడు డెల్మర్.

డెల్మర్ బతుకంతా ఊళ్ళో ఉత్తరాలు పంచి, ఒక్క విషయం కూడా కడుపులో ఉంచుకోకుండా రిటైరయ్యాడు. ఇప్పుడు ఫోనులో చేపల వీడియోలు పెడుతున్నాడు. నిరుడు ఒక చిన్న వాగు గురించి చెప్పాడు. ఆ శనివారానికల్లా పక్క రాష్ట్రం ఇల్లినాయి నుంచి కార్లు కిలోమీటరు పొడవునా బారులు తీరాయి. ఆ వాగులో ఇప్పుడు చేపల కంటే బీరు డబ్బాలే ఎక్కువ పడుతున్నాయి.

కిందటి శుక్రవారం ఊరి బారులో వారంవారం జరిగే చేపల వేపుడు విందు దగ్గర వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఊళ్ళో ట్రౌట్ పట్టేవాళ్ళంతా అక్కడ చేరి, సముద్రం నుంచి లారీలో వచ్చిన కాడ్ చేపను లొట్టలేసుకుంటూ తింటారు.

"టింబర్‌లో పట్టావా?" డెల్మర్ చేప ముక్కను సాసులో ముంచాడు. "బావా, టింబర్‌లో ట్రౌట్ కనబడేనాటికి నాకు నెత్తి మీద జుట్టుండేది."

"నోరు మూసుకుని నడిచేవాళ్ళకే కనబడతాయిలే."

"ఏ ఈగ వాడుతున్నావేంటి?"

"నల్లది."

"ఎంతది?"

"చిన్నది."

"అబ్బో! చూడబోతే అణుబాంబు తాళాలు కూడా నీ జేబులోనే ఉన్నట్టున్నాయి." పక్క బల్ల దగ్గర అగ్నిమాపక దళం పెద్ద గార్డీ స్కార్ పకపకా నవ్వాడు. డెల్మర్‌కు హుషారొచ్చింది. "పోనీ ఒక్క ఫోటో చూపించు."

"పట్టి వదిలేశాను."

"చేప ఇంటికి రాదు, ఫోటో ఉండదు. అక్కా, నీ మొగుడు నిజంగా చేపలకే పోతున్నాడంటావా?"

"తడిసి వస్తున్నాడు కదా," అంది ఆర్డిస్, బ్రాందీ గ్లాసులోని చెర్రీ పండు తీసి నోట్లో వేసుకుంటూ.

"మా అక్కను తీసుకెళ్ళరాదూ? చిన్నప్పుడు నాన్న మా ఇద్దరికీ గాలం నేర్పాడు. నాకంటే దీని చేతికే ఎక్కువ పడేవి, తెలుసా?"

నార్బర్ట్‌కు తెలియదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ గరాజుల్లో ఏముందో కూపీ లాగినవాడు ఈ సంగతి మాత్రం ఏనాడూ విచారించలేదు. ఇప్పుడు కూడా ఇంకో రొట్టె ముక్క ఇటివ్వమన్నాడు.

ఇంటికెళ్ళాక ఆర్డిస్ అతని మెడలో ఒక ఈల వేసింది. "వయసొచ్చింది. ఎక్కడున్నావో నాకు తెలిస్తే చాలు. టింబరే కదా?"

"టింబరే," అన్నాడు నార్బర్ట్ ఆమె కళ్ళలోకి సూటిగా చూస్తూ. లేని పడవ కాలిపోయిందని చెప్పినవాడు కూడా ఇలాగే చూశాడు.

ఇక ఈ శుక్రవారం సంగతి. మధ్యాహ్నం వేళ మోచేతంత ట్రౌట్ బుద్ధి మందగించి ఈగను మింగింది. గాలం విల్లులా వంగింది. చేప దిగువకు పరుగెత్తింది. నార్బర్ట్ దాని వెంట పరుగెత్తాడు. కుడి పాదం రెండు రాళ్ళ మధ్యకు దిగింది. ఒళ్ళు తిరిగింది, పాదం తిరగలేదు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. చేప దారం తెంపుకుని, అతన్ని ఏకాంతంగా బాధపడనిచ్చి వెళ్ళిపోయింది.

కేకలు పెట్టుకుంటూ, చేతుల మీద పాకుతూ గట్టెక్కాడు. ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. ఆ వాగులో అతనికి నచ్చిన మొదటి గుణం అదే. కారు కొండకు అవతల ఉంది. ఈల ఊదితే వినడానికి చుట్టుపక్కల దోమలున్నాయి. అవి ఈల ఊదకుండానే వచ్చాయి.

సాయంత్రం దాకా అలాగే పడి ఉన్నాడు. చేపల వేపుడుకు అతను రాకపోవడం ఎన్నడూ జరగలేదు. అందువల్ల వేపుడు చల్లారేలోపే కొండ అవతల సైరన్లు మోగాయి. మైకులో అరుపులు వినిపించాయి. అక్కడ అతని కారుంది, కాబట్టి అతను కూడా అక్కడే ఉండాలి. పథకం అద్భుతంగా పనిచేసింది. ఈపాటికి ఆవులను కూడా ప్రశ్నిస్తూ ఉంటారు.

నార్బర్ట్ ఈల పెదవుల దాకా తెచ్చి ఆగాడు.

వచ్చింది ఎవరు? అగ్నిమాపక దళమంటే జీతగాళ్ళు కారు, ఆపదొస్తే పరుగెత్తుకొచ్చే ఊరివాళ్ళే. ప్లంబరు, మంగలి, బడి బస్సు డ్రైవరు, పాల రైతులు. ప్రతివాడి గరాజులోనూ గాలం ఉంటుంది. వాళ్ళతోపాటు డెల్మర్, డెల్మర్‌తోపాటు ఫోను. ఈల ఊదితే రేపు శనివారం, అంటే ఇల్లినాయి. పరిహారం లెక్కగట్టే పాత అలవాటు ఊరుకోలేదు. విరిగిన కాలు అతుక్కుంటుంది, పాడైన వాగు అతుక్కోదు. ఈల దించేశాడు. తానే పాకుతూ కొండెక్కి, కారు దాకా చేరి, అక్కడే పడ్డానని చెప్పాలనుకున్నాడు. మంచి కథే. రెండు ఆవుల పొడవు పాకేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఎదురుగా కొండ ఇంకా మొత్తం అలాగే ఉంది.

అప్పుడు మైకులో ఆర్డిస్ గొంతు వినిపించింది.

"నార్బర్ట్! ఎక్కడున్నా పలుకు. నిన్నేమీ అననులే, పలుకు!" మైకు కట్టేయడం మరిచినట్టున్నారు. అదే గొంతు, మెల్లగా, "గార్డీ, ఆ వంతెన స్తంభం పక్కన నీళ్ళు లోతా? మునిగిపోయేంత లోతా?" అని అడిగింది.

ఉద్యోగంలో నార్బర్ట్ చాలా ఏడుపులు విన్నాడు. దొంగ ఏడుపును తలుపు బయటి నుంచే గుర్తుపట్టేవాడు. ఇందులో వెతికినా చిరుగు దొరకలేదు.

ఊపిరితిత్తులు ఖాళీ అయ్యేదాకా ఈల ఊదాడు. మళ్ళీ ఊదాడు.

ముందుగా గార్డీ స్కార్ కొండ దిగాడు, వెనక స్ట్రెచరుతో దళం. "కదలకండి జీల్కే గారూ, వచ్చేశాం, ఇంకేం భయం..." అంటూ ఆగిపోయాడు. విల్లో చెట్టు కింద నీళ్ళు ఉబ్బి, పెద్ద వీపొకటి కనబడి, మునిగింది. స్ట్రెచరు పట్టుకున్నవాళ్ళు కాళ్ళు పాతేసినట్టు నిలబడిపోయారు.

"గార్డీ, అది..." అన్నాడు ప్లంబరు.

"చూశాను, గట్టిగా మాట్లాడకు."

"మోచేతంత ఉంది!"

"నా కాలు," అన్నాడు నార్బర్ట్.

"ఉందండీ, కాలెక్కడికీ పోదు," అన్నాడు గార్డీ మడుగు మీంచి చూపు తిప్పకుండా.

ఇంతలో డెల్మర్ రొప్పుతూ వచ్చాడు. చేతిలో ఫోను. వాగును చూశాడు, చెట్టును చూశాడు, నీళ్ళ మీద విచ్చుకుంటున్న వలయాన్ని చూశాడు.

"డెల్మర్, నీ కాళ్ళు పట్టుకుంటానురా," అన్నాడు నార్బర్ట్.

"ముందు నీ కాలు పట్టుకో బావా." డెల్మర్ ఫోను కట్టేసి లోపలి జేబులో పెట్టి గుండీ వేశాడు. జీవితంలో మొదటిసారి వాడొక వార్తను మూసి ఉంచాడు. "గార్డీ, నాకైతే ఇక్కడ వాగేమీ కనబడటం లేదు. నీకు?"

"గడ్డి కనబడుతోంది."

"దోమలున్నాయి," అన్నాడు ప్లంబరు.

గార్డీ భుజం మీది రేడియో గరగరలాడింది. మనిషి ఎక్కడ దొరికాడని అంబులెన్సు వాళ్ళు అడుగుతున్నారు. గార్డీ మీట నొక్కాడు. "టింబర్ క్రీక్. వంతెనకు కాస్త పక్కనే. బండి అక్కడే ఉంచండి, మేమే మోసుకొస్తాం." నార్బర్ట్ కళ్ళు మూసుకుని విన్నాడు. వృత్తిపరంగా వంక పెట్టడానికేమీ లేదు.

ఆర్డిస్ అందరి వెనకా వచ్చింది. పక్కన కూలబడి అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత నీళ్ళను చూసింది. తర్వాత మళ్ళీ అతని మొహం చూసింది.

"టింబర్ అన్నావు."

"ఆర్డిస్, అదీ..."

"ఆవుల మధ్య నీ శవం కోసం వెతికాను, నార్బర్ట్."

"నీకు చెబుదామనే..."

"ఎప్పుడు?"

ఆమె లేచి నిలబడింది. గడ్డిలో పడిన గాలం తీసుకుంది. తెగిన దారం కొసను వేళ్ళతో తడిమి, అతని టోపీకి గుచ్చిన ఈగను ఒకదాన్ని పీకి చూసింది. "చిన్నదన్నావు. ఇది పిచ్చుకంత ఉంది. అదీ అబద్ధమే." అంటూనే చకచకా దారం చుట్టింది. ఒక్క మెలిక పడలేదు. అలాంటి చేతులతో ఇన్నాళ్ళూ కలిసి కాపురం చేసిన పరిశోధకుడు వాటిని స్ట్రెచరు మీద పడుకుని మొదటిసారి గమనించాడు.

శనివారం వచ్చింది. ఇల్లినాయి రాలేదు.

మళ్ళీ శుక్రవారం ఆర్డిస్ రబ్బరు పంట్లాంలో ప్రత్యక్షమై, "పద, కారెక్కు," అంది. నార్బర్ట్ మోకాలి దాకా పిండికట్టుతో వెనక సీట్లో కాలు చాపి కూర్చున్నాడు. టింబర్ వంతెన దగ్గర కారు పెట్టడానికి చోటు దొరకలేదు. ప్లంబరు వ్యాను, మంగలి పికప్, గార్డీ ఎర్ర ట్రక్కు, చివర డెల్మర్ పాత తపాలా జీపు. నీళ్ళలో ఒక్క మనిషి లేడు. ఆవులు ఈ బళ్ళ వైపు విస్తుపోయి చూస్తున్నాయి.

ఆర్డిస్ ఎలాగో కారు ఇరికించి, గాలం తీసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు నార్బర్ట్, తెలిసి కూడా.

"టింబర్ క్రీక్‌కి," అంది ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ.

"మరి నేను?"

"ఇక్కడే ఉండు. బండిలో మనిషి కూడా ఉంటే నమ్మకంగా ఉంటుంది." అతని మెడలోంచి ఈల తీసి తన మెడలో వేసుకుంది. "అది దొరికితే ఊదుతాను. నీకు మాత్రం దాచను." కొండ వైపు నడిచింది. ఆమె నడకలో తొందర చూసి నార్బర్ట్‌కు అసూయ కలిగింది.

కాసేపటికి తళతళలాడే కొత్త కారొకటి ఆగింది. ఇల్లినాయి నంబరు. అంతకంటే తళతళలాడే టోపీ పెట్టుకున్నాయన దిగి, వరసగా ఉన్న బళ్ళను చూసి మురిసిపోయాడు.

"పెద్దాయనా, ఇక్కడ బాగా పడుతున్నట్టున్నాయే! అందరూ ఏరీ?"

"ఎగువకు పోయారు. మీరు వంతెన కింద మొదలుపెట్టండి. మంచి చోటు మీకే వదిలారు."

"ఎంత మంచివాళ్ళండీ మీ ఊరివాళ్ళు! ఏ ఈగ వాడమంటారు?"

"నల్లది."

సరిగ్గా అప్పుడే కొండ అవతల ఈల మోగింది. పొడవుగా, ఆగకుండా, గర్వంగా. ఇల్లినాయి ఆయన తలెత్తాడు.

"అదేమిటండీ?"

నార్బర్ట్ కట్టు కట్టిన కాలును మెల్లగా సవరించుకున్నాడు. ఆ ట్రౌట్ మోచేతంత ఉంటుంది. ఈపాటికి ఆమె దాన్ని నీళ్ళలోనే పట్టుకుని, వదిలేయబోతూ ఉంటుంది.

"పిట్ట," అన్నాడు. "చిన్న ఈగ వేయండి. పిచ్చుకంతది వేస్తే పడవు."