సమాధానం రొమ్ము

నడుంలోతు నీళ్లలో నిలబడి సమాధానం రొయ్యల గుంటలోంచి మేత పళ్లెం పైకి లాగాడు. వలగుడ్డ మీద నాలుగు గింజలు మిగిలాయి, రొయ్యలు చురుగ్గా ఎగురుతున్నాయి. మేత సరిపోయినట్టే. పక్క గుంటలవాళ్లు మొలకు లుంగీ బిగించి హాయిగా దిగుతుంటే ఇతని ఒంటిమీద మాత్రం రెండు బనియన్లు, వాటి మీద మందపాటి చొక్కా. కుర్రతనం నుంచి నలభై దాటిన ఈనాటి వరకు ఆ ఉక్కలోనే ఉడుకుతున్నాడు.

కారణం రొమ్ము. మనిషి లావు కాదు, కాళ్లూ చేతులూ సన్నమే. రొమ్ము మాత్రం ఆడవాళ్లకు మల్లే ఎత్తుగా పెరిగింది. గుంటల యజమాని నరేంద్రబాబు అందుకని అతనికి 'పాలకేంద్రం' అని పేరు పెట్టాడు. ఆ పేరు గట్లన్నీ తిరిగి మేత లారీలవాళ్ల నోటికి కూడా ఎక్కింది. సమాధానం అని పిలిచేది ఇక చర్చిలో పాస్టరుగారూ, ఇంట్లో భార్య అబిగయీలూ మాత్రమే.

అందుకే గొట్టం పెట్టి కొవ్వు లాగేసే లైపో ఆపరేషన్ చేయించుకుంటానని మొండిపట్టు పట్టాడు. ఈ వయసులో ఈ సోకులేమిటని చుట్టాలన్నారు. దేవుడిచ్చిన ఒళ్లు కదా అని పాస్టరుగారన్నారు. దేవుడిచ్చిన కళ్లకు మీరు అద్దాలెందుకు పెట్టుకున్నారని అడిగి ఆయన నోరు మూయించాడు. ఒళ్లు నాది, నవ్వులపాలయ్యేది నేను, మధ్యలో మీ పెత్తనమేమిటని అతని కోపం.

ఆ ఉదయం మేత పని ముగించి, ఆపరేషన్‌కని భార్యతో నెల్లూరు బస్సెక్కాడు. కోవూరు దాటి పెన్న వంతెన మీదికి వచ్చాక అబిగయీలు నెమ్మదిగా అంది.

"ఇన్నేళ్లుగా చూస్తాండేది నేను. నాకెప్పుడూ నవ్వు రాలేదే."

ఆ మాట అతనికి ఎంతో బాగుంది. అయినా అంత మాత్రానికి బస్సు దిగే మనిషి కాదు.

ఆసుపత్రిలో చొక్కా విప్పించి, నిలబెట్టి, డాక్టరు రొమ్ము మీద స్కెచ్‌పెన్నుతో నల్లటి గుండ్రాలు గీశాడు. ఆపరేషన్ తర్వాత రాత్రింబవళ్లు వారాల తరబడి తొడుక్కోవాలంటూ బిగుతు బనియను ఒకటి కొనిపించారు. నల్లది, సాగేది, ముందు జిప్పు. లోపలికి తీసుకుపోబోతూ నర్సు, రాత్రి నుంచి నోట్లో ఏమీ వేసుకోలేదు కదా అని అడిగింది.

"ఏం లేదమ్మా. పొద్దన బిళ్ల ఒకటే."

"ఏం బిళ్ల?"

"గుండెకి. కోవూరు డాక్టరిచ్చినాడు. రక్తం పల్చంగుండాలని దినామూ వేసుకుంటాండా."

నర్సు ఆగిపోయింది. మందులేమైనా వాడతారా అని మొదటిరోజే అడిగాం కదా అంది.

"మందు ముట్టనన్నా. ఈ పొద్దుకీ ముట్టలా," అన్నాడు సమాధానం రోషంగా. "బిళ్ల మందెట్టవుద్ది?"

పాపం, అబద్ధమాడే మనిషి కాదు. అతని వాడలో మందంటే సీసాలోది. చూపించుకోవడానికి వచ్చిన ఆ మొదటిరోజు, సిగరెట్ తాగుతారా అన్న వెంటనే మందు మాట వచ్చింది, అతను గర్వంగా తల అడ్డంగా ఊపాడు. ఇక గుండె సంగతంటారా, నొప్పి తగ్గగానే ప్రభువు బాగుచేశాడని చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాడు. బాగైపోయిన జబ్బును మళ్లీ జబ్బని ఏ నోటితో చెప్పేది?

డాక్టరు గ్లౌజులు తీసేశాడు. ఆ బిళ్ల వేసుకుంటుండగా గొట్టం పెడితే రక్తం కట్టదు, ప్రాణం మీదికి వస్తుందన్నాడు. సొంతంగా మానేస్తే గుండెకే ముప్పు, గుండె డాక్టరు ఒప్పుకుంటేనే రమ్మన్నాడు. అప్పుడైనా కొవ్వు మాత్రమే గొట్టంలో వస్తుందట, చనుమొన కింద గట్టిగా ఉన్న గడ్డను కోసి తీయాలట, ఆ తర్వాత చాలా రోజులు గుంటలో దిగకూడదట. ఇవన్నీ మొదటే కూర్చోబెట్టి చెప్పాల్సింది గదా సార్ అని సమాధానం నిలదీశాడు. నిజమేనని డాక్టరు ఒప్పుకున్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక అతనికి పాడు బుద్ధి పుట్టింది. కొన్నాళ్లు బిళ్ల మానేసి, ఇంకో ఆసుపత్రికి పోయి నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? అబిగయీలు అతని ముఖం చూసి పసిగట్టేసింది.

"నువ్వు పోతే, ఆ పాలకేంద్రం అనేవోడొచ్చి నన్ను సాకుతాడా?"

సమాధానానికి మొదట సిగ్గేసింది, తర్వాత ఒళ్లు మండింది. ఎవడో నవ్వుతున్నాడని ప్రాణం పణంగా పెట్టబోయాడు!

సాయంత్రం మేత వేళకు గుంటల దగ్గరికి వచ్చేశాడు. గట్టు మీద నలుగురి ముందూ నరేంద్రబాబు, పాలకేంద్రం మూసేసినారా అని అడిగాడు. సమాధానం చొక్కా విప్పాడు. బనియన్లూ విప్పాడు. నల్ల గుండ్రాలతో సహా రొమ్ము ఎండలో పడింది.

"చూడండి బాబూ, బాగా చూడండి. దీని పేరు రొమ్ము. నా పేరు సమాధానం. ఆ పేరుతో పిలిచేవాళ్ల గుంటలోనే ఇంక నేను దిగేది."

"సరదాకంటే అంత కోపమా, పాలకేంద్రం?" అన్నాడు నరేంద్రబాబు.

సమాధానం మేత బస్తా ఎత్తుకున్నాడు. రొయ్యలేం పాపం చేశాయని ఆ పూట మేత మాత్రం వేశాడు, ఒట్టి ఒంటితోనే. వంగినప్పుడల్లా నీళ్లు చల్లగా రొమ్ముకు తగిలాయి, అబ్బ, ఎంత సుఖంగా ఉంది! పని ముగించి గట్టెక్కి, చొక్కా భుజాన వేసుకుని, వెనక్కి తిరగకుండా వెళ్లిపోయాడు. మర్నాటి మేతకు అతను రాలేదు.

నీటికాకులను బెదరగొట్టడానికి గట్టు మీద పాతిన కర్రకు పోతూ పోతూ ఆసుపత్రిలో కొన్న ఆ బిగుతు బనియను తొడిగి పోయాడు. రొమ్ము అణచడానికి కుట్టిన బనియను సముద్రపు గాలికి రొమ్ము విరుచుకుని నిలబడి ఉంది.