గంజి పెట్టని దుప్పటి

మూట విప్పగానే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలి. కట్టుడు పళ్ళు, కళ్ళజోళ్ళు, దిండు కింద దాచుకున్న బిస్కెట్లు, ఏవైనా దొరకొచ్చు. ఆసుపత్రి పక్కల్లో జనం మర్చిపోని వస్తువంటూ లేదు. మనిషి పోయిన మంచం దుప్పట్లకు మాత్రం పైవాళ్ళు రెండు ముళ్ళు వేసి, గోడలోని గొట్టంలోంచి కిందికి వదులుతారు. వాటిని విడిగా ఉతకాలి.

ఆ ఉదయం ఆసుపత్రి ఉతుకుడు గదిలోకి అన్నీ ఒంటిముడి మూటలే వస్తున్నాయి. గంజక్క తడుముతోంది, విదిలిస్తోంది, కుప్ప వేస్తోంది. దుప్పటి అట్టలా నిలబడేలా గంజి పెడుతుందని ఆమెకా పేరు. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడా. ముంజేతుల నిండా ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు, ఆవిరికి ఎప్పుడూ ఉబ్బి ఉండే కళ్ళు, నిటారుగా నిలబడటం మర్చిపోయిన నడుం. భర్త ఏనాడో పోయాడు, పిల్లలు లేరు. ఈ నేలమాళిగ గది, ఇంటిదగ్గర ఒంటిగది, ఆదివారం చర్చి. అంతే ఆమె లోకం.

పైవార్డు ఆయా మెట్లు దిగి వచ్చింది.

"గంజక్కా, మీ చెల్లెలు నిన్న మా వార్డులో చేరింది. ఆయాసం. అక్కని ఒక్కసారి చూడాలంటోంది."

"పనుంది."

"నీకు పనెప్పుడు లేదు గనక? ఒక్కసారి వచ్చి పోరాదూ!"

"సాయంత్రం చూద్దాంలే," అని మరో మూట లాక్కుంది.

చూశారా మొండితనం! ఊరికే వచ్చింది కాదది. తల్లి చివరి రోజుల్లో చెల్లెలి ఇంట్లో ఉండేది. ఊపిరి అందక "పెద్దదాన్ని పిలవండే" అని అడిగింది. చెల్లెలు కబురు పంపలేదు. గంజక్క రాత్రి డ్యూటీ దిగి తెల్లవారి వెళ్ళేసరికి తల్లి ముఖం మీద గుడ్డ కప్పేశారు. "తెల్లారేదాకా ఉంటుందనుకున్నానక్కా, డ్యూటీలో నిన్ను కంగారుపెట్టడం ఎందుకని..." అంటూ చెల్లెలు కాళ్ళమీద పడింది. గంజక్క కాళ్ళు వెనక్కి లాక్కుంది. అమ్మ పిలుస్తుంటే దీనికి నోరెలా రాలేదన్న ప్రశ్న ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి.

ఇద్దరిదీ ఒకటే చర్చి. చెల్లెలు ముందు బెంచీలో, ఈమె తలుపు పక్కన ఆఖరి బెంచీలో. చెల్లెలి ముఖం ఎలా మారిందో ఆమెకు తెలియదు. కొప్పులో గుచ్చుకునే గోధుమరంగు దువ్వెన మాత్రం తెలుసు. దానికి చివర రెండు పళ్ళు లేవని కూడా తెలుసు. ప్రార్థనలో క్షమాపణ మాట వచ్చేచోట గంజక్క పెదవులు మూతబడేవి. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు లేచేది కాదు. కడుపులో ఇంత పగ పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి ఏ ముఖంతో వెళ్తుంది? పాస్టరుగారు ఒకసారి, "ఇంకెన్నాళ్ళమ్మా? ఆయన సిలువ మీదే క్షమించాడే!" అన్నారు.

"ఆయన దేవుడండీ, క్షమిస్తాడు. నేను బట్టలు ఉతుక్కునేదాన్ని," అంది గంజక్క.

మధ్యాహ్నం ఆయా మళ్ళీ వచ్చింది. ఈసారి నిలబడే చెప్పింది.

"రమ్మని అడగట్లేదులే. దుప్పటి గరుగ్గా ఉందట, వీపు ఒరుసుకుపోతోందట. మెత్తటిది ఉంటే ఇవ్వు. ఇంత గంజి ఎందుకు పెడతావే తల్లీ!"

ఆయా వెళ్ళాక గంజక్క గిన్నెలో అన్నం అలాగే వదిలేసి అలమర దగ్గరికి వెళ్ళింది. ఎన్నో ఉతుకులకు పువ్వులా మెత్తబడిన పాత దుప్పటి ఒకటి అడుగున ఉంది. తీసి చెంపకు ఆనించి చూసుకుంది. మధ్యలో చిరుగు. గంజి తగలకుండా జాడించి, డ్రైయర్లో ఆరబెట్టి, సూదీ దారం పట్టుకు కూర్చుంది.

బట్టలు పిండే మెషినాయన తొంగిచూశాడు. "ఎవరికక్కా ఇంత ముద్దు? మంత్రిగారొస్తున్నారా?"

"నోర్మూసుకుని నీ పని చూడు."

కుట్టు చేతికి తగులుతోంది. పడుకున్న వీపుకూ తగులుతుంది. విప్పేసి, మళ్ళీ సన్నగా కుట్టింది. కుడుతూ మాటలు వెతుక్కుంది. 'ఎలా ఉన్నావే' అనాలా? 'వచ్చానే' అనాలా? ఏదీ నోటికి రాలేదు. దుప్పటి పరిస్తే చాలు, దానికి అర్థమవుతుంది అనుకుంది. అలాగే తీసుకెళ్ళి ఇవ్వొచ్చుగా! లేదు, ఇస్త్రీ లేకుండా ఆమె చేతి బట్ట పైకి వెళ్ళదు. సాయంత్రం దాకా ఉంటుందిలే అనుకుని ఇస్త్రీపెట్టె వేడెక్కనిచ్చింది. అంచులు కలిపి మడత వేస్తుండగా గొట్టంలోంచి మూట జారి పడింది.

రెండు ముళ్ళు.

'ఎవరో పాపం' అనుకుంది. అలవాటుగా ముళ్ళు విప్పి చెయ్యి పెట్టింది. గంజి పెట్టిన దుప్పటి, తాను పెట్టిన గంజే, వేళ్ళకు గరుగ్గా తగిలింది. ఆ మడతల్లో దువ్వెన దొరికింది. గోధుమరంగు. చివర రెండు పళ్ళు లేవు.

మెషినాయన ఏదో అడిగాడు. ఆమెకు వినపడలేదు. గరుకు దుప్పటిని ఒళ్ళోకి లాక్కుని నేలమీద కూలబడింది.

"సాయంత్రం దాకా ఉంటావనుకున్నానే..." అంది. అనగానే నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఈ మాట తనది కాదు. కాళ్ళమీద పడి చెల్లెలు చెప్పిన మాట ఇదే. ఇంతేనా? ఆ వేళ దాని తప్పు ఇంతేనా? దీనికా ఇన్నేళ్ళు?

క్షమించేసింది. ఆ క్షణంలోనే, ఏమీ మిగల్చకుండా క్షమించేసింది. పుచ్చుకునే మనిషే లేదు. ఆదివారాలన్నీ మింగేసిన ప్రార్థనలోని ఆ మాటను ఇప్పుడు పైకే అంది. మళ్ళీ మళ్ళీ అంది. మెషిను హోరులో అది ఆమెకే సరిగా వినపడలేదు.

మెట్ల మీద ఎదురొచ్చిన ఆయాను పట్టుకుని, "ఏమైనా అందా?" అని అడిగింది.

"సాయంత్రం వస్తావని చెప్పాను. సరే అని కళ్ళు మూసుకుంది, మళ్ళీ తెరవలేదు. ఇందాకే వాళ్ళాయన ఇంటికి తీసుకెళ్ళిపోయాడు."

గంజక్క చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. పిడికిట్లో దువ్వెన ఒక్కటే ఉంది. ఇస్త్రీ బల్ల మీద, సన్నటి కుట్టు పైకి కనపడేలా, సగం మడిచిన మెత్తటి దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది.