తలకిందుల పగడం

ఆస్పత్రి లాండ్రీలో పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి మా ఆయన నేను వెళ్ళేటప్పుడు ఎలా ఉన్నారో అలాగే కుర్చీలో ఉన్నారు. పక్కన టీ చల్లారి మీగడ కట్టింది.

వీధి వీధంతా ఆయన్ని టైలరుగారనే పిలుస్తుంది. కొట్టు మూసేశాక కూడా అలాగే పిలుస్తోంది, అదే ఆయనకు ముల్లులా గుచ్చుకుంటోంది. రెడీమేడ్ బట్టల ముందు నిలవలేక మిషన్లన్నీ అమ్మేశారు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కాలక్షేపానికి చూస్తారని కొట్లో పెట్టిన చిన్న ఉప్పునీటి తొట్టి ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నారు. అందులో రెండు చేపలు, ఒక పగడం. పగడమంటే ఉంగరంలో రాయి అనుకునేదాన్ని. కాదట, ప్రాణమున్న జీవమట. ఆకుపచ్చగా, కొమ్మలు కొమ్మలుగా చూడ్డానికి మొక్కలాగే ఉంటుంది. బొటనవేలంత ముక్క తెచ్చి దోసిలి నిండేంత పెంచారు.

ఇప్పుడది మొదలు నుంచి చస్తోంది. కింద చర్మం ఊడి తెల్లటి ఎముక బయటపడింది, ఆ తెలుపు రోజూ కాస్త కాస్త పైకి పాకుతోంది. బాగున్న కొమ్మలు కోసి, రాతి బిళ్ళల మీద అతికించి, దూరంగా పెడితే అవైనా బతుకుతాయని చేపల షాపతను ఫోన్లో చెప్పాడు. బిళ్ళలూ జిగురూ పంపించాడు కూడా. మా ఆయన వాటిని ముట్టుకుంటే ఒట్టు. బతుకంతా గుడ్డ కోసిన మనిషికి దీన్ని కోయడానికి చేతులు రాలేదు. తొట్టి ముందు కూర్చుని మీనమేషాలు లెక్కపెట్టి, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు.

ఆ రోజు చూద్దును కదా, తెలుపు సగం దాటింది. నాకు భయం వేసింది. పగడం పోతుందని కాదు, అది కూడా పోతే ఈ మనిషి ఇక ఆ కుర్చీలోంచి లేవరని.

“ఏమండీ, ఇవాళైనా కోస్తారా?”

“చూద్దాంలే.”

“చూస్తూ చూస్తూనే సగం పోయింది.”

“కోస్తే మాత్రం బతుకుతుందని ఏముంది? వదిలెయ్యవే.”

నాకు ఒళ్ళు మండింది. తడి దుప్పట్లు మోసీ మోసీ భుజాలు లాగేస్తున్నాయి, కాళ్ళు నిలవడం లేదు, పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. ఇంటికొస్తే ఈ ‘చూద్దాంలే’ ఒకటి. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, వైర్లు కత్తిరించే కటింగ్ ప్లేయర్ తీశాను.

“మీరు కూర్చోండి. నేనే కోస్తా.”

మొదటి కొమ్మ సుద్దముక్క విరిగినట్టు టప్పున తెగింది. ఆయన మొహం అటు తిప్పుకున్నారు. నేను ఆగలేదు. కొసలన్నీ తుంచాను. ఒక కొమ్మ పొడవుగా కనిపిస్తే ఆశకొద్దీ దాన్ని రెండు చేశాను. ఇక అతికించడం. బిళ్ళ మీద జిగురు పిండి, అందులో ముక్క గుచ్చి, నీళ్ళలోకి దించి, గట్టిపడేదాకా పట్టుకోవాలి. మొదటిది జారి ఇసకలో పడింది. రెండోది నా వేలికి అంటుకుంది. బిళ్ళకు తప్ప లోకంలో అన్నిటికీ అతుక్కునే జిగురు అది. నవ్వాలో ఏడవాలో తెలియక వేలు పీక్కుని మళ్ళీ మొదలుపెట్టాను. ఎలాగో ఒక్కొక్కటీ నిలబెట్టి, పాత పగడానికి దూరంగా, వెలుతురు తక్కువగా ఉండే మూలన వరసగా సర్దాను.

“అదేంటి?” అన్నారు వెనక నుంచి.

“ఏది?”

“ఆ చివరి ముక్క. తలకిందులుగా పెట్టావు.”

“రెండు వైపులా కోసిన ముక్కకి తలేంటి, కాళ్ళేంటి?”

“ఎందుకుండవు? ఒంటినిండా బుల్లి బుల్లి గిన్నెల్లా ఉన్నాయి చూడు. వాటి మూతులు పైకుండాలి. వెల్వెట్ నూగు తిరగేసి కుట్టినట్టు చేశావు.”

“పైకుంటే ఏంటి, కిందకుంటే ఏంటి? బతికేది ఎటైనా బతుకుతుంది. నాకిక ఓపిక లేదండీ.”

నిజంగానే లేదు. ఆయన్ని లేపాలని వేసిన ఎత్తు కాదది. తెలియక చేసిన తప్పు, విసిగిపోయి అన్న మాట.

“ఎటైనా బతకడమేంటే? జరుగు.”

కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, నీళ్ళలో చెయ్యి పెట్టారు. ఆ ముక్కను ఊడదీసి, వేలితో మెల్లగా నిమిరి చూశారు. ఒక పక్కకు నున్నగా, రెండో పక్కకు గరుకుగా తగిలిందేమో, తిప్పి మళ్ళీ అతికించారు. అంతటితో ఊరుకున్నారా? ఇది వంకర, ఇది చేప తోక ఊపితే పడిపోతుంది, దీనికింత జిగురెందుకు, నీకెవరు నేర్పారే ఈ పని అంటూ కొట్లో పనివాళ్ళను తిట్టినట్టే నన్నూ తిట్టారు. ఆ తిట్లు విని ఎన్నాళ్ళయిందో! నేలమీద చతికిలబడి, గోడకు వీపు ఆనించి హాయిగా తిట్లు తిన్నాను.

“ఆ ప్లేయర్ ఇటివ్వు. వెనక ఇంకో పచ్చ కొమ్మ ఉంది, నువ్వు చూడనే లేదు.”

ఇచ్చాను. కొమ్మ దగ్గర ఆయన చెయ్యి ఒకసారి ఆగింది. తర్వాత టప్పుమంది.

అన్నీ సర్దాక తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ తొట్టిలోకి వంగి చూశారు.

“పట్టాయో లేదో రేపు గానీ తెలీదు. నువ్వు డ్యూటీకని లేచినప్పుడే నన్నూ లేపు.”

కొట్టు మూసినప్పటి నుంచి ఆయన నోట రేపు అన్న మాట వినలేదు.

“అలాగే,” అన్నాను. ఇంకో మాట మాట్లాడితే ఏడ్చేసేదాన్ని.