మంచు హంసల మెడలు

నడి ఆగస్టులో, నైలు ఒడ్డున ఆకు కూడా కదలని ఉక్కలో, మన్సూరా ఊళ్ళో షువికార్ గారికి మంచు హంసలు కావలసి వచ్చాయి. ఒకటి చాలదట, జంట కావాలి. ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉండాలట. పెళ్ళికొడుకు తల్లి అడిగితే కాదనేదెవరు?

"కైరోలో ఇవి లేనిదే విందే జరగదు వదినా," అంది.

కైరో జనం ఏసీ గదుల్లోనే పుడతారు కాబోలు అనుకుంది పెళ్ళికూతురి తల్లి ఇనాయత్. పైకి అనలేదు. కూతురు రగ్దా ఇంకా వాళ్ళ గడప తొక్కనే లేదు మరి.

శుభలేఖలో ఏడింటికి అని వేశారు. ఏడింటికి పెళ్ళికూతురి జడకి పిన్నులు కూడా పడవు. తొమ్మిది దాటకుండా ఎవరైనా వస్తే ఇంట్లో పొయ్యి వెలగలేదనుకుంటారు. పాలు తాగే పిల్లకైనా తెలిసిన ఆ ముక్క, హోటల్ వాళ్ళు కొత్తగా తెచ్చుకున్న మంచు చెక్కేవాడికి తెలియలేదు. చలిదేశం మనిషి. కార్డును నమ్మి, సరిగ్గా ఏడింటికి హంసల్ని హాలు గుమ్మం పక్క బల్ల మీద నిలబెట్టి, చేతులు తుడుచుకుని పోయాడు.

తొమ్మిదింపావుకి ఇనాయత్ చూసేసరికి హంసలు కాస్తా బాతులయ్యాయి. రెక్కలు కారిపోయాయి. మెడలు చిటికెన వేలంత మిగిలాయి.

రగ్దా ఆ బల్ల పక్కనుంచే లోపలికి రావాలి. సరిగ్గా అడుగు పెట్టే వేళకి హంస మెడ విరిగిందా, "చూశారా కోడలి పాదం" అంటారు షువికార్ చుట్టాలు. పదేళ్ళ తర్వాత అల్లుడికి జ్వరమొచ్చినా ఆ మెడనే తలుచుకుంటారు.

"వీటిని తీసెయ్యి నాయనా," అంది వడ్డించే మనిషితో.

"షువికార్ గారు చెప్పాలమ్మా."

బయట డప్పులు, బూరలు దగ్గరికొచ్చేశాయి.

"పెళ్ళి పిల్లదైతే చెమటలు నీకెందుకే?" అంది అక్క తహానీ.

"నోరు మూసుకుని ఇలా అడ్డంగా నిలబడవే అక్కా. నీ ఒళ్ళు ఇన్నాళ్ళకి పనికొచ్చింది."

పుటుక్కు. పుటుక్కు. రెండు మెడలూ పక్కనున్న గులాబీ షర్బత్ గంగాళంలో పడ్డాయి.

ఆడవాళ్ళ కేరింతల మధ్య రగ్దా నవ్వుతూ లోపలికొచ్చింది. ఏదీ విరగలేదు, ఏదీ పడలేదు. వెనకే వచ్చిన షువికార్ బల్ల చూసి నిలుచుండిపోయింది.

"హంసల తలలేవి వదినా?"

"షర్బత్ వెచ్చబడింది వదినా. మీ మర్యాద చల్లగా ఉండాలని అందులో వేశాను."

షువికార్ మొహం కందగడ్డయింది. ఇంతలో ఆమె మేనత్త, ముసలావిడ, రెండో గ్లాసు గటగటా తాగేసి, "ఇంత చల్లటి షర్బత్ ఏ పెళ్ళిలోనూ తాగలేదే తల్లీ!" అంది.

"మరేమనుకున్నావత్తా!" అంది షువికార్, తల ఎగరేసి. "కైరో పద్ధతి."

ఇనాయత్ అమ్మయ్య అని కుర్చీలో కూలబడింది. తల పైకెత్తింది. సరిగ్గా పెళ్ళివేదిక పైన గంపంత గాజు దీపాల గుత్తి వేలాడుతోంది. దాని గొలుసు చూడబోతే ఉంగరం కన్నా సన్నం.

"అక్కా," అంది, "ఆ గొలుసు గట్టిదే అంటావా?"